జాకెట్టు మీంచి విన్న గుండె

మా చిన్నమ్మ చనిపోయాక ఇల్లు సర్దుతుంటే బియ్యం డబ్బా వెనక ఒక ప్లాస్టిక్ కవరు దొరికింది. అందులో ఆరు నెలల మందుల చీటీలున్నాయి, నలుగురు డాక్టర్లు రాసినవి. నాలుగింటిలోనూ గ్యాస్ బిళ్ళలే. రెండింటిలో బలానికి సూదులు, ఒకదాంట్లో నిద్రమాత్ర. ఈసీజీ అన్న మాట ఒక్కదాంట్లోనూ లేదు. ఆమెకి నలభై తొమ్మిదేళ్ళు. ముత్తుకూరు దగ్గర రొయ్యల షెడ్డులో తలలు తీసే పని చేసేది. ఒకరోజు తెల్లవారుజామున పొయ్యి ముందు కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయింది. "గుండె ఆగి పోయింది పాపం" అన్నారు ఊళ్ళోవాళ్ళు. గుండె ఆగకుండా పోయేదెవరు?

ఇది జరిగి పదకొండేళ్ళయింది. ఇన్నాళ్ళకి దీన్ని రాయాలనిపించడానికి కారణం ఈమధ్య ఒక సెమినార్ టీ విరామంలో నా సహోద్యోగి ఒకాయన అన్న మాట. గుండె చప్పుడు విని రక్తనాళాల్లో అడ్డంకి ఉందో లేదో చెప్పే యంత్రాలు వచ్చాయట. "ఇంక మీ ఆడవాళ్ళ గొడవ తీరినట్టే కదండీ, యంత్రానికి లింగవివక్ష ఉండదు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఆ నవ్వు గొంతులో అడ్డంపడింది.

యంత్రం గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే అది నిజంగా గొప్ప విషయమే. గుండె లబ్ అని, డబ్ అని కొట్టుకుంటుందని చిన్నప్పుడు చదువుకున్నాం. డబ్‌కీ మళ్ళీ లబ్‌కీ మధ్య గుండె సేదదీరే ఒక నిశ్శబ్దం ఉంది. గుండె కండరానికి కావలసిన రక్తం కరోనరీ ధమనుల్లోకి ఎక్కువగా పారేది ఆ వ్యవధిలోనే. నాళం సన్నబడితే నీళ్ళ గొట్టాన్ని వేలితో నొక్కిపట్టినట్టు రక్తం సుళ్ళు తిరుగుతుంది. ఆ సుడికి ఒక సన్నని రొద ఉంటుంది. 1967లో డాక్, జోనరైక్ అనే డాక్టర్లు ఇలా సన్నబడిన ధమని నుంచి వచ్చే రొదని స్టెతస్కోపుతో విని రాశారు. చాలామంది రోగుల్లో అది మనిషి చెవికి అందనంత చిన్నది. ఛాతీ గోడ, ఊపిరి చప్పుడు, గుండె కవాటాల మోత కలిసి దాన్ని మింగేస్తాయి. దాన్ని పట్టుకోవడానికి ఇంజనీర్లు దశాబ్దాలు తంటాలు పడ్డారు. డెన్మార్క్ పరిశోధనల్లోంచి వచ్చిన క్యాడ్‌స్కోర్ అనే పరికరానికి 2020లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి దొరికింది. ఎడమవైపు నాలుగో పక్కటెముకల సందున మైక్రోఫోన్ అతికించి కొద్ది నిమిషాలు వింటుంది. సున్నా నుంచి 99 దాకా ఒక అంకె ఇస్తుంది. ఇరవై లోపు వస్తే పెద్ద అడ్డంకి ఉండే అవకాశం తక్కువని, ఇంకా పెద్ద పరీక్షలు అక్కర్లేకపోవచ్చని అర్థం. సూది లేదు, రేడియేషన్ లేదు, ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తక్కర్లేదు. ఇలాంటిది ముత్తుకూరుకి వస్తే నేను వద్దంటానా?

అయితే "వినడం" అన్న మాట దగ్గర నాకు కొంచెం పని ఉంది.

స్టెతస్కోపు పుట్టిందే ఒక ఆడమనిషి గుండె దగ్గర. 1816లో పారిస్‌లో రెనీ లెనెక్ దగ్గరికి గుండెజబ్బు లక్షణాలతో ఒక యువతి వచ్చింది. అప్పటిదాకా వైద్యులు ఛాతీకి చెవి ఆనించి వినేవాళ్ళు. ఆమె వయసులో ఉన్న ఆడది, కాస్త ఒళ్ళున్న మనిషి. చెవి ఆనించడం మర్యాద కాదనిపించి లెనెక్ కాగితాలు గొట్టంలా చుట్టి ఒక చివర ఆమె ఛాతీ మీద, రెండో చివర తన చెవి దగ్గర పెట్టుకున్నాడు. చెవి ఆనించి విన్నదానికంటే స్పష్టంగా వినిపించింది. 1819లో పుస్తకం రాశాడు, చరిత్రలో నిలిచిపోయాడు. ఆమె పేరు మనకి తెలియదు. ఆమె తరవాత ఏమయిందో ఈ కథ చెప్పే ఎవరూ చెప్పరు. వైద్యవిద్యార్థులకి ఈ కథ ఒక సరదా ముచ్చటగా చెప్తారు. నాకు మాత్రం అందులో ఇంకోటి కనిపిస్తుంది: ఆ దూరం ఆమెను మరింత బాగా వినడానికి పనికొచ్చింది.

మన దగ్గర అదే దూరం వినకుండా ఉండడానికి పనికొస్తోంది. చిన్నమ్మ నాలుగు సార్లు వెళ్ళినదాంట్లో ఒకసారి నేను పక్కనున్నాను. ఆయన కుర్చీలోంచి లేవలేదు. ఆమె వంగింది. పైట మీద, దాని కింద జాకెట్టు మీద స్టెతస్కోపు ఆనించి, రెండు క్షణాలు ఇక్కడ, రెండు క్షణాలు వీపున, అయిపోయింది. స్టెతస్కోపు చర్మానికి తగలాలనీ, బట్ట రాసుకునే చప్పుడు గుండె చప్పుడుని చెడగొడుతుందనీ, స్త్రీలలో ఎడమ రొమ్ము కాస్త ఎత్తి దాని కింద వినాలనీ మొదటి సంవత్సరం క్లినిక్స్‌లోనే నేర్పుతారు. నేర్చుకున్నవాళ్ళు కూడా ఆడమనిషి దగ్గరికొచ్చేసరికి దీన్ని మర్యాద అనే పేరుతో వదిలేస్తారు. తెర ఉండదు, తోడు నిలబడే నర్సు ఉండదు, గుమ్మంలో ఇరవై మంది ఉంటారు. మర్యాద అంతా ఆమె శరీరాన్ని చూడకపోవడంలోనే ఉంది, ఆమె ప్రాణాన్ని చూడకపోవడంలో లేదన్నమాట.

ఆయన చేసింది ఇది. నేను చేసిందేమిటి? ఎమ్మే చదివి, కాలేజీలో జెండర్ స్టడీస్ పేపరు చెప్తూ, పక్కన కుర్చీలో నోరు మూసుకుని కూర్చున్నాను. బయటికొచ్చాక మెడికల్ షాపులో చీటీ ఇచ్చాను.

ఆమె చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ గుర్తే. "అన్నం వండేటప్పుడు ఎగపోస్తా ఉంది సార్. దవడ గుంజతా ఉంది. వీపు మధ్యన బండ పెట్టినట్టుంది. షెడ్డులో నిలబడలేకపోతన్నా." గుండెనొప్పి అన్న మాట ఆమె నోట రాలేదు. ఎడమ చెయ్యి పట్టుకుని ఛాతీ మీద గుద్దుకుంటూ కిందపడలేదు. సినిమాల్లో తండ్రులు పడతారే, అలా. 1962లో జాఫ్రీ రోజ్ తయారుచేసిన ప్రశ్నావళిని ప్రపంచమంతా వాడింది. దాంట్లో ప్రశ్న ఎలా ఉంటుందంటే, ఎత్తు ఎక్కుతున్నప్పుడో వేగంగా నడుస్తున్నప్పుడో ఛాతీలో నొప్పి వస్తుందా, ఆగితే పోతుందా అని. మంచి ప్రశ్నే. పొయ్యి దగ్గర వస్తుందా, బిందె చంకనెత్తుకుంటే వస్తుందా, ఐసు నీళ్ళలో చేతులు పెట్టినప్పుడు వస్తుందా, మొగుడు అరిచినప్పుడు వస్తుందా అని అడిగే ప్రశ్నావళి కూడా ఉండాలి కదా. స్త్రీలలోనూ ఛాతీ నొప్పే ప్రధాన లక్షణమనీ, కాకపోతే ఆయాసం, దవడ, వీపు, వికారం, విపరీతమైన నీరసం దానికి తోడుగా ఎక్కువగా వస్తాయనీ ఇప్పుడు అన్ని వైద్య పుస్తకాలూ ఒప్పుకున్నాయి. ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది. ఆస్పిరిన్ గుండెపోటుని ఆపుతుందా అని అమెరికాలో ఎనభైల్లో చేసిన పెద్ద పరిశోధనలో 22,071 మంది డాక్టర్లు పాల్గొన్నారు. ఒక్క స్త్రీ లేదు. 1991లో బెర్నడీన్ హీలీ అనే గుండె వైద్యురాలు దీన్ని 'యెంటల్ సిండ్రోమ్' అంది. యెంటల్ అనేది సింగర్ రాసిన కథలో చదువుకోసం మగవేషం వేసుకున్న యూదు అమ్మాయి. ఆడదానికి మగవాడికొచ్చినట్టే జబ్బు వచ్చిందని రుజువైతేనే మగవాడికి చేసినంత వైద్యం చేస్తారన్నది హీలీ వాదన.

ఇప్పుడు మళ్ళీ మా సహోద్యోగి మాటకొస్తాను. యంత్రానికి లింగవివక్ష ఉండదా? క్యాడ్‌స్కోర్ ఒక్క చప్పుడునే చూడదు. వయసు, రక్తపోటు, లింగం కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఒకే వయసులో ఒకే రకం నొప్పి ఉన్న స్త్రీపురుషుల్లో స్త్రీకి పెద్దనాళాల్లో అడ్డంకి ఉండే అవకాశం తక్కువని 1979లో డైమండ్, ఫారెస్టర్ వేసిన పట్టికల నుంచీ ఉన్న లెక్క. అంటే ఆమె గుండె విప్పే ప్రతి రహస్యానికీ ముందే, ఆడది అయినందుకు కొంత తీసివేత ఉంటుంది. నేను గణితంతో పేచీ పెట్టుకోవడం లేదు. పెద్దనాళాల వరకు ఆ లెక్క నిజమే. అయితే ఆడవాళ్ళ జబ్బు పెద్దనాళాల్లోనే ఉండాలని ఎవరన్నారు? 1996లో అమెరికాలో మొదలైన వైజ్ పరిశోధన ఛాతీనొప్పితో వచ్చిన స్త్రీలనే తీసుకుని చూసింది. యాంజియోగ్రాంలో అడ్డంకులేమీ లేవని తేలిన వాళ్ళలో చాలామందికి గుండె కండరంలోని సన్నసన్న నాళాలు సరిగా పనిచేయడం లేదు. వాళ్ళని "ఏం లేదమ్మా, ఇంటికెళ్ళు" అని పంపితే, తరవాతి ఏళ్ళలో వాళ్ళకి గుండెపోట్లు వచ్చాయి. ఈ సన్ననాళాల జబ్బు స్త్రీలలో ఎక్కువ. నాళం సగానికి సగం మూసుకుపోతే వచ్చే సుడిని వినడానికి తయారైన యంత్రం దీన్ని వెతకడం లేదు. అప్పుడు ఏం జరుగుతుంది? ఇన్నాళ్ళూ డాక్టరు "గ్యాస్" అన్నాడు. రేపు యంత్రం "పన్నెండు" అంటుంది. డాక్టరుతో కనీసం వాదించవచ్చు. పన్నెండుతో ఎవరు వాదిస్తారు?

ఇంకోటి, ఈ యంత్రాలు ఎవరి గుండెల మీద చదువుకున్నాయి? 2016లో గుండె చప్పుళ్ళను కంప్యూటరుతో వర్గీకరించే పోటీ ఒకటి ప్రపంచస్థాయిలో జరిగింది. శిక్షణకి 3,126 రికార్డింగులు అందరికీ ఉచితంగా ఇచ్చారు. అమెరికా, డెన్మార్క్, గ్రీసు, ఫ్రాన్సు, చైనాలలో సేకరించినవి. మన దేశం పేరు అందులో లేదు. దక్షిణాసియా వాళ్ళకి మొదటి గుండెపోటు మిగతా ప్రపంచం కంటే అయిదారేళ్ళు ముందే వస్తుందని 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం చెప్పింది, సగటున 53 ఏళ్ళకి. పరికరం నలభై దాటినవాళ్ళకి. మా చిన్నమ్మకి గర్భసంచి ముప్పైఒకటో ఏట తీసేశారు.

ఎందుకు తీశారంటే తెల్లబట్ట అవుతోందని. "ఇద్దరు పిల్లలున్నారుగా, ఇంక దానితో పనేముంది, ఉంటే క్యాన్సరొస్తది" అన్నారు. ఈ వాక్యం మన రాష్ట్రంలో ఎంతమంది స్త్రీలు విన్నారో లెక్క కావాలంటే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 2015–16లో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ మధ్య స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. దేశంలో మనదే మొదటి స్థానం. అండాశయాలు కూడా చిన్నవయసులోనే తీసేస్తే గుండెజబ్బు ప్రమాదం పెరుగుతుందని ఏళ్ళ తరబడి జరిగిన అధ్యయనాలు చెప్తున్నాయి. చిన్నమ్మకి అండాశయాలు ఉంచారో తీశారో ఆమెకి తెలియదు. ఎవరూ చెప్పలేదు, కాగితం ఇవ్వలేదు. ఆ తరవాత పద్దెనిమిదేళ్ళలో ఆమెని చూసిన ఏ గుండె లెక్కలోనూ ఈ సంగతి చేరలేదు.

ఇక్కడ మన మీద కూడా ఒక మాట అనాలి. తెలుగు స్త్రీవాదం శరీరం గురించి మాట్లాడింది, అది చిన్న విషయం కాదు. తొంభైల మొదట్లో 'సవాలక్ష సందేహాలు' ఇంటింటా చేతులు మారింది. 'నీలిమేఘాలు' వచ్చినప్పుడు మనల్ని ఎన్ని తిట్లు తిట్టారో గుర్తుంది. గర్భసంచి, రొమ్ములు, పురిటినొప్పులు, అబార్షను, అన్నీ రాశాం. గుండెని మాత్రం ఉపమానంగానే ఉంచేశాం. మన కథల్లో ఆడదాని గుండె బరువెక్కుతుంది, చెరువవుతుంది, పగులుతుంది, రాయవుతుంది. దానికి రక్తం సరఫరా చేసే నాళాలున్నాయనీ, అవి మూసుకుపోతాయనీ రాసిన కథ నాకు గుర్తురావడం లేదు. మనల్ని పునరుత్పత్తి అవయవాలకి కుదించారని వైద్యాన్ని తిట్టాం. మన ఆరోగ్య చర్చ కూడా చాలావరకు అదే బొడ్డు కింద చుట్టూ తిరిగింది. (జపాన్ వాళ్ళు తీవ్రమైన దుఃఖం తరవాత గుండె ఒకవైపు బుడగలా ఉబ్బే జబ్బుని 1990లో గుర్తించి, ఆక్టోపస్‌లని పట్టే కుండ పేరు పెట్టారు. టకోట్సుబో. అది ఎక్కువగా వచ్చేది ముట్లుడిగిన స్త్రీలకే. మన ఉపమానం పూర్తిగా ఉపమానం కూడా కాదు.)

గుండెని శరీరంగానే చూసిన స్త్రీలు వైద్యంలో ఉన్నారు. హెలెన్ టాసిగ్‌కి చెవులు వినపడవు. స్టెతస్కోపు పనికిరాక, పిల్లల ఛాతీ మీద వేళ్ళు ఆనించి గుండెని గుర్తుపట్టింది. నీలిపిల్లల ఆపరేషన్ ఆలోచన ఆమెది, 1944లో చేశారు. మన దేశపు మొదటి గుండె వైద్యురాలు ఎస్. పద్మావతి 1959లోనే ఢిల్లీ రోగుల మీద రాసిన వ్యాసంలో, ఊపిరితిత్తుల వల్ల గుండె దెబ్బతినే జబ్బు పొగతాగని ఆడవాళ్ళకి కూడా మగవాళ్ళతో సమానంగా ఎందుకొస్తోందని అడిగి, వంటింటి పొగ వైపు వేలు చూపించింది. ఆవిడ నూటమూడేళ్ళు బతికి 2020లో కోవిడ్‌తో పోయింది. ఆ ప్రశ్న వేయడానికి యంత్రం అక్కర్లేకపోయింది, వంటగది ఎలా ఉంటుందో తెలిస్తే చాలింది.

గోదావరి జిల్లాల్లో 2003–04లో ఒక పని జరిగింది. నలభై అయిదు ఊళ్ళలో ఏడాది పాటు చనిపోయిన 1,354 మంది ఇళ్ళకి ఆరోగ్య కార్యకర్తలు వెళ్ళి, పోయే ముందు మనిషికి ఏమేం జరిగిందో ఇంట్లోవాళ్ళని ఓపిగ్గా అడిగి రాసుకున్నారు. ఆ చావుల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవని తేలింది. పల్లెటూళ్ళలో జనం అంటురోగాలతోనే పోతారన్న నమ్మకం దాంతో దెబ్బతింది. ఎంతో విలువైన పని. కానీ చదువుతుంటే నాకు కడుపు మండింది. ఆయాసం వచ్చేదా, ఎప్పట్నుంచి, ఎక్కడ నొప్పి, ఎంతసేపు అని అడిగే ఆ ప్రశ్నలని బతికుండగా ఆ స్త్రీలని ఎవరైనా కూర్చోబెట్టి అడిగారా? అదే ప్రాంతంలో తరవాతి దశాబ్దంలో స్మార్ట్‌హెల్త్ అని ఇంకో ప్రయోగం చేశారు. 54 ఊళ్ళలో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్లెట్లు ఇచ్చి, గుండెజబ్బు ప్రమాదం ఎక్కువున్న వాళ్ళని గుర్తించి డాక్టరు దగ్గరికి పంపించారు. డాక్టరు దగ్గరికి వెళ్ళినవాళ్ళు పెరిగారు. బీపీ అదుపులోకి వచ్చినవాళ్ళలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2019లో ఆ పరిశోధకులే రాశారు. జబ్బుని కనిపెట్టడం ఒక పని. కనిపెట్టాక మందు అందడం, అది నెలనెలా అందడం, ఆ మందు కోసం కూలి పోగొట్టుకుని లైన్లో నిలబడగలగడం ఇంకో పని. రెండోదానికి మైక్రోఫోన్ లేదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, పేరు ఎన్నిసార్లు మారినా, బైపాస్ దాకా చేరినవాళ్ళకి చేసిన మేలు నేను కాదనను. మా వీధిలోనే ముగ్గురు మగవాళ్ళు దానివల్ల బతికి ఉన్నారు. అక్కడిదాకా చేరాలంటే ముందు ఎవరో ఒకరు ఆమెకి గుండెజబ్బు ఉందేమోనని అనుమానించాలి.

ముత్తుకూరు వెనకబడిన ఊరేమీ కాదు. పక్కనే కృష్ణపట్నం రేవు, బొగ్గు కుప్పలు, నేలటూరు థర్మల్ కేంద్రం, కనుచూపు మేరా చెరువులు. 1991 నుంచి మత్స్య కళాశాల ఉంది. తొంభైల్లో తెల్లమచ్చల వైరస్ వచ్చి చెరువులు ఊడ్చిపెట్టాక, రొయ్యపిల్లని పీసీఆర్ పరీక్ష చేయించకుండా చెరువులో వదలడానికి రైతులు భయపడతారు. చీమ తలకాయంత ప్రాణికి జన్యు పరీక్ష! తప్పనడం లేదు, దాని మీద లక్షల పెట్టుబడి ఉంది. ఆ రొయ్య పెద్దదయ్యాక ఐసులో చేతులు పెట్టి తల తీసే మనిషికి పన్నెండు తీగల ఈసీజీ ఎందుకు లేదని అడుగుతున్నాను. ఈ పోలిక కటువుగా ఉందనిపించినవాళ్ళు షెడ్డులో ఒక పూట నిలబడి చూడండి.

కాబట్టి యంత్రం రానీండి. కానీ ముందు తెర రానీండి. గది రానీండి, పక్కన నిలబడే నర్సమ్మ రానీండి, హుక్కులు తీసి రెండు నిమిషాలు వినే తీరిక రానీండి. ఛాతీలో ఇబ్బంది అన్న ఎవరికైనా పది నిమిషాల్లో ఈసీజీ తీయాలన్న నియమం రాతలోనే ఉంది, అది ఎగపోస్తా ఉందన్న ఆడమనిషికి కూడా వర్తిస్తుందని గోడ మీద తెలుగులో రాయండి. యంత్రాన్ని మన గుండెల మీద పరీక్షించేటప్పుడు షెడ్డు ఆడవాళ్ళవీ, కూలి ఆడవాళ్ళవీ, గర్భసంచి తీసేసిన వాళ్ళవీ, లావుపాటి వాళ్ళవీ, పెద్ద రొమ్ములున్న వాళ్ళవీ చప్పుళ్ళు అందులో ఉన్నాయా అని మనం అడగాలి. అంకె తక్కువ వచ్చినా నొప్పి తగ్గని మనిషిని ఇంటికి పంపరాదని అడగాలి. మనం అంటే ఈ పత్రిక చదివేవాళ్ళం, ఆస్పత్రిలో కుర్చీ ఇచ్చి కూర్చోబెట్టే ఆడవాళ్ళం.

కిందటి నెల మెట్లెక్కుతుంటే నాకూ ఆయాసం వచ్చింది. ఊళ్ళోనే ఒక క్లినిక్‌కి వెళ్ళాను. కొత్తగా వచ్చిన చిన్నపిల్ల, డాక్టరమ్మ. జాకెట్టు మీద స్టెతస్కోపు పెట్టబోయింది. "హుక్కులు తీస్తానమ్మా, సరిగ్గా విను" అన్నాను. ఆ అమ్మాయి తలుపు వైపు చూసింది. తలుపుకి గడియ లేదు. ఆయాని పిలిచి దుప్పటి అడ్డం పట్టుకోమంది. కళ్ళు మూసుకుని చాలాసేపు వింది, పక్కకి తిరిగి పడుకోమని మళ్ళీ వింది. దుప్పటి పట్టుకున్న ఆయా చేతులు మార్చుకుంటూ, "నాకు కూడా అప్పుడప్పుడు దవడ గుంజతా ఉంటదమ్మా, అదేం లేదు, గ్యాసు" అంది. డాక్టరమ్మ నా చీటీ మీద ఈసీజీ అని రాసింది. తరవాత ఆయాని బల్ల మీద పడుకోమంది. ఈసారి దుప్పటి నేను పట్టుకున్నాను. ఆమె చీటీ మీద కూడా అదే రాసింది. మిషను ఉంది కానీ కాగితం రోలు అయిపోయిందట, ఇద్దర్నీ నెల్లూరు వెళ్ళి తీయించుకోమంది. ఆయాకి డ్యూటీ ఆరింటిదాకా. ఆరింటి బస్సుకి వెళ్దామని అనుకున్నాం.